బుగ్గ మీద ఎరుపు: మీ ఛాయకు తగిన బ్లష్‌ను ఎంచుకోవడం, వేసుకోవడం



విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు మీలో కొందరైనా ఎక్కి ఉంటారు. అరకు దాటి, జగదల్‌పూర్ దాటి, దంతేవాడ మీదుగా ఆ దారి బైలాడీలా కొండల అడుగుకు చేరుతుంది. ఎద్దు మూపురంలా కనిపిస్తాయి కాబట్టి ఆ కొండలకు బైలాడీలా అని పేరు. ఎదురుగా వచ్చే గూడ్సు బండ్ల నిండా ఇనుప ఖనిజం. బండి మీద ఎరుపు, పట్టాల పక్క రాళ్ళ మీద ఎరుపు, స్టేషను గోడల మీద ఎరుపు. దిగేసరికి మన చేతిరుమాలు కూడా ఎర్రబడుతుంది.

ఈరోజు మన పాఠం ఆ ఎరుపు గురించే. అయితే గనుల గురించి కాదు. అమ్మాయిలు పెళ్ళిళ్ళకూ పండుగలకూ, అబ్బాయిలూ అమ్మాయిలూ నాటకాలకూ నృత్యాలకూ బుగ్గలకు వేసుకొనే బ్లష్ గురించి. పాతతరం వారు దీన్నే రూజ్ అనేవారు. ఇదేం సైన్సు పాఠం అని నవ్వకండి. కాంతి, రక్తం, చర్మం, రసాయనాలు నాలుగూ ఒకేచోట కలిసే పాఠాలు ఎక్కువ లేవు.

ఒక చిన్న సంఘటన

సుమారు పదేళ్ళ కిందట బైలాడీలా గనుల ఊళ్ళో ఒక పాఠశాలకు సైన్సు ప్రదర్శన చూడటానికి వెళ్ళాను. గనుల్లో పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. బస్తర్‌కూ మనకూ రాకపోకలు కొత్తవి కావు. బస్తర్ రాజవంశానికి మూలపురుషుడైన అన్నమదేవుడు ఓరుగల్లు కాకతీయుల ఇంటివాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది.

ఆ సాయంత్రం వార్షికోత్సవం. ఎనిమిదిమంది ఆడపిల్లలు కోలాటానికి సిద్ధమవుతున్నారు. మేకప్ వేసే ఆయన దగ్గర ఒకటే డబ్బా, అందులో ఒకటే లేత గులాబి రంగు. వరసగా అందరికీ అదే అద్దుకుంటూ పోయాడు. ఐదారుగురికి ఫరవాలేదు. నల్లని ఛాయ ఉన్న ఒక అమ్మాయి బుగ్గల మీద మాత్రం బూడిద చల్లినట్టయింది. పక్కనున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల కొంగుతో తుడిచేసుకుని, "నా రంగుకు ఇవేవీ నప్పవు మేడమ్. మా అమ్మ ముందే చెప్పింది" అంది.

ఆమె పక్కనే మరో అమ్మాయి, కాస్త పసిమి ఛాయ, ఇంకో కోరిక కోరింది: "నాకు రెండుసార్లు వెయ్యమని చెప్పండి మేడమ్. నా మొహం ఎప్పుడూ పాలిపోయినట్టుంటుంది."

ఈ రెండు మాటలకూ జవాబు చెప్పాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి.

బుగ్గ ఎందుకు ఎర్రబడుతుంది?

మన చర్మంలో పైపొర బాహ్యచర్మం, దాని కింద అంతశ్చర్మం. రక్తం ప్రవహించే సన్నని కేశనాళికలు అంతశ్చర్మంలో ఉంటాయి. పరుగెత్తినప్పుడు ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పంపడానికి ఈ నాళికలు వెడల్పవుతాయి. సిగ్గుపడినప్పుడు, నలుగురిలో తడబడినప్పుడు నాడుల ఆదేశంతో ముఖంలోని నాళికలు అలాగే విచ్చుకుంటాయి. బుగ్గల్లో ఇవి దట్టంగా, చర్మం పైభాగానికి దగ్గరగా ఉంటాయి. అందుకే ఎరుపు ముందుగా అక్కడే తేలుతుంది. చార్లెస్ డార్విన్ 1872లో మనుషులలో, జంతువులలో భావప్రకటన గురించి రాసిన గ్రంథంలో సిగ్గుతో ముఖం ఎర్రబడటానికే ఒక అధ్యాయం కేటాయించాడు.

రక్తంలోని హీమోగ్లోబిన్ తెల్లని కాంతిలోని నీలం, ఆకుపచ్చ, పసుపు భాగాలను బాగా శోషిస్తుంది. ఎరుపును దాదాపు వదిలేస్తుంది. మిగిలిన ఆ ఎరుపే మన కంటికి చేరుతుంది. బ్లష్ చేసే పని ఈ సహజమైన ఎరుపును అనుకరించడమే. ఇది గుర్తుంటే రంగు ఎంపికలో సగం పని అయిపోయినట్టే. పరుగెత్తి వచ్చినప్పుడు మీ బుగ్గ ఏ రంగుకు మారుతుందో, ఆ రంగుకు దగ్గరగా ఉన్నదే మీకు నప్పుతుంది.

ఇప్పుడు ఒక ప్రయోగం చేయండి. రాత్రి దీపాలు ఆర్పి, టార్చిలైటును వేళ్ళకు గట్టిగా ఆనించి వెలిగించండి. వేళ్ళ అంచులు ఎర్రగా వెలుగుతాయి. ఇంట్లో వేరువేరు ఛాయలు ఉన్నవారందరి చేతా చేయించండి. తెల్లనివారి వేళ్ళూ నల్లనివారి వేళ్ళూ ఎర్రగానే వెలుగుతాయి. లోపల ఎరుపు లేని మనిషి లేడు.

ఛాయ అంటే ఏమిటి?

బాహ్యచర్మం అడుగున మెలనోసైట్లు అనే కణాలు మెలనిన్ అనే వర్ణద్రవ్యాన్ని తయారు చేస్తాయి. తెల్లనివారిలో, నల్లనివారిలో ఈ కణాల సంఖ్య ఇంచుమించు సమానమే. అవి తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ రకం, దాన్ని మోసే రేణువులు ఎంత పెద్దవి, ఎలా పరచుకున్నాయి అనే వాటిలోనే తేడా. మెలనిన్ అతినీలలోహిత కిరణాల నుంచి కణాలను కాపాడే గొడుగు. బస్తర్ వంటి ఎండ ప్రాంతాల్లో తరతరాలుగా బతికినవారికి ఆ గొడుగు దట్టంగా ఉండటం శరీరం చేసుకున్న మంచి ఏర్పాటు.

ఇప్పుడు కొంచెం లెక్క. కాంతి బాహ్యచర్మం దాటి లోపలికి పోయి, రక్తాన్ని తాకి, మళ్ళీ బాహ్యచర్మం గుండానే బయటికి రావాలి. అంటే మెలనిన్ పొరను రెండుసార్లు దాటాలి. ఉదాహరణకు ఒకరి పైపొర ఒక్కో దాటుకు నూటికి 80 పాళ్ళ కాంతిని వదులుతుందనుకుందాం. రెండు దాటుల తర్వాత మిగిలేది 64 పాళ్ళు. మరొకరి పైపొర 40 పాళ్ళే వదిలితే చివరికి మిగిలేది 16 పాళ్ళు. ఇద్దరి బుగ్గల్లోనూ రక్తం ఒకేలా పొంగింది. బయటికి కనిపించిన ఎరుపు మాత్రం ఒకేలా లేదు. నల్లని ఛాయలో ఎరుపు ముదురు నేరేడులా, రాగిలా లోతుగా కనిపించడానికి కారణం ఇదే.

చర్మ నిపుణులు ఛాయలను వర్గాలుగా విభజించారు. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికన్ వైద్యుడు రూపొందించిన పద్ధతి బాగా వాడుకలో ఉంది. అది మొదట తెల్లని ఛాయలను ఉద్దేశించి తయారైంది. గోధుమ, నల్లని ఛాయల వర్గాలను తర్వాత చేర్చారు. 2022లో వెలువడిన మాంక్ కొలబద్దలో 10 ఛాయలున్నాయి. మన దేశంలో ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో నాలుగైదు ఛాయలు కనిపిస్తాయి. అలాంటప్పుడు అందరికీ ఒకే డబ్బా ఎలా సరిపోతుంది?

బూడిద ఎక్కడి నుంచి వచ్చింది?

ఇక ఆ అమ్మాయి బుగ్గ దగ్గరికి వద్దాం. లేత గులాబి రంగు తయారీలో ఎరుపు కొంచెమే ఉంటుంది. దాన్ని లేతగా చేయడానికి టైటానియం డయాక్సైడ్ వంటి తెల్లని పొడి ఎక్కువ కలుపుతారు. ఈ తెల్లని రేణువులు అన్ని రంగుల కాంతినీ వెనక్కి చిమ్ముతాయి.

లేత ఛాయ చర్మం పడిన కాంతిలో నూటికి 50 పాళ్ళు వెనక్కి పంపుతుందనుకోండి. పొడి వల్ల ఇంకో 5 పాళ్ళు పెరిగితే 55 అవుతుంది. ఆ తేడా కంటికి పెద్దగా తెలియదు. అదే 10 పాళ్ళు వెనక్కి పంపే చర్మం మీద అవే 5 పాళ్ళు చేరితే 15 అవుతుంది. అంటే ఉన్నదానికి సగం మళ్ళీ పెరిగింది. కన్ను దీన్ని వెంటనే పట్టేస్తుంది. పైగా నల్లని గోడ ముందు లేచే పొగ కాస్త నీలంగా కనిపించినట్టే, ముదురు ఛాయ మీద పరచిన పలుచని తెల్ల పొడి నీలి బూడిద రంగుగా కనిపిస్తుంది. అదే ఆ అమ్మాయి బుగ్గ మీద చూసిన బూడిద.

కాబట్టి లోపం ఆమె రంగులో లేదు. డబ్బాలో ఉన్న తెల్ల పొడి పాలులో ఉంది. ఆమెకు కావలసింది తెల్లదనం తక్కువగా, ఎరుపు చిక్కగా ఉన్న రంగు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. లేత గులాబి సుద్దముక్క, ఇటుకముక్క తీసుకోండి. రెంటినీ తెల్లకాగితం మీద, పుస్తకాలకు వేసే గోధుమరంగు అట్టకాగితం మీద, నల్లపలక మీద రుద్ది వేలితో చెరపండి. గులాబి సుద్ద తెల్లకాగితం మీద గులాబిగానే ఉంటుంది. నల్లపలక మీద మాత్రం తెల్లగా, దుమ్ములా తేలుతుంది. ఇటుకపొడి గోధుమరంగు కాగితంలో కలిసిపోయి వెచ్చని ఎరుపునిస్తుంది. అయితే ఈ ఇటుకపొడిని, సుద్దను ముఖానికి మాత్రం రాసుకోవద్దు!

డబ్బాలో ఏముంది?

పొడి బ్లష్‌లో అడుగుపదార్థంగా టాల్క్, అభ్రకం, తెల్ల బంకమన్ను వంటివి ఉంటాయి. అభ్రకం అంటే మన గూడూరు ప్రాంతపు గనులు గుర్తుకు రావాలి. మిలమిలలాడే బ్లష్‌లలో మెరుపు అభ్రకానిదే. పొడి కరుచుకుని ఉండటానికి కొన్ని జిగురు పదార్థాలు, నూనెలు కలుపుతారు. క్రీము బ్లష్‌లో నూనెలు, మైనాలు ఎక్కువ.

అసలు రంగునిచ్చేవి వర్ణద్రవ్యాలు. వాటిలో ముఖ్యమైనది ఐరన్ ఆక్సైడ్. డబ్బా వెనుక సి.ఐ. 77491 అనే అంకె కనబడితే అది ఎర్రని ఐరన్ ఆక్సైడ్. 77492 పసుపురంగుది, 77499 నల్లనిది. ఈ మూడింటినీ తగు పాళ్ళలో కలిపితే ఇటుక, రాగి, మట్టి, గోధుమ వన్నెలన్నీ వస్తాయి. ఈ ఎర్రని ఐరన్ ఆక్సైడ్ మరేదో కాదు, బైలాడీలా కొండల్లోని హెమటైట్‌లో ఉన్న పదార్థమే! 1968లో అక్కడ గని మొదలైంది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్ దాకా పంపారు. హెమటైట్ అనే పేరే రక్తం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చింది. అయితే గని మట్టిలో ఆర్సెనిక్, సీసం వంటి మలినాలు ఉండే అవకాశం ఉంది కాబట్టి, ముఖానికి వాడే ఐరన్ ఆక్సైడ్‌ను కర్మాగారాల్లో శుద్ధంగా తయారుచేస్తారు. అది నీటిలో, చెమటలో కరగదు. ఎండకు వెలిసిపోదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకుందాం. ఇనుము తుప్పు ఎరుపు కాబట్టి రక్తం కూడా ఎరుపని కొందరు చెబుతుంటారు. రెండింటిలోనూ ఇనుము ఉన్నమాట నిజం. కాని తుప్పులో ఇనుము ఆక్సిజన్‌తో కలిసిన తీరు వేరు. రక్తంలో పార్ఫిరిన్ అనే వలయం మధ్య ఇనుప పరమాణువు కూర్చున్న తీరు వేరు. ఒకే లోహం రెండు దారుల్లో ఎరుపును చూపిస్తున్నది.

రెండో వనరు ప్రాణులు, మొక్కలు. కార్మైన్ అనే చక్కని ఎరుపు బ్రహ్మజెముడు జాతి మొక్కల మీద బతికే కోచినీల్ పురుగు నుంచి వస్తుంది. దాని అంకె సి.ఐ. 75470. శాకాహారులు ఈ అంకె చూసుకోవచ్చు. మనకు దగ్గరలో దీనికి అన్నదమ్ముల వంటిది లక్క. బస్తర్ అడవుల్లో పుసుగు, మోదుగ చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెరుగుతాయి. ఛత్తీస్‌గఢ్ మన దేశంలో లక్క ఎక్కువగా పండే రాష్ట్రాల్లో ఒకటి. లక్కను కడిగినప్పుడు వచ్చే ఎర్రని నీటి నుంచే పూర్వం లత్తుక చేసి కాళ్ళకు పూసుకొనేవారు. మన్యం ఊళ్ళలో జాఫ్రా అనే చెట్టు ఉంది. దాని గింజల మీది నారింజ ఎరుపు పూతను వెన్న వంటి ఆహారపదార్థాలకు రంగునివ్వడానికి వాడతారు. ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలు. అక్కడి ఆదివాసులు దానితో ముఖాలకు రంగు వేసుకొనేవారు. మూడోది, కర్మాగారాల్లో తయారయ్యే కృత్రిమ రంగులు. ప్రకాశవంతమైన గులాబి రంగులు ఎక్కువగా వీటి నుంచే వస్తాయి. సౌందర్య సాధనాలకు అనుమతించిన రంగుల జాబితాను భారతీయ ప్రమాణాల సంస్థ ప్రకటించింది.

మీ ఛాయకు ఏ రంగు?

ముందు మీ ఛాయను సరిగా చూసుకోండి. పగటివేళ కిటికీ పక్కన, కడుక్కున్న ముఖంతో, మెడ దగ్గర ఒక తెల్లకాగితం పెట్టుకుని అద్దంలో చూడండి. ముదురు, లేత అన్నది ఒక కొలత. రెండోది లోవన్నె. కాగితం పక్కన చర్మం పసుపు, బంగారు వన్నెలో కనిపిస్తే వెచ్చని లోవన్నె. గులాబి, నీలం వైపు కనిపిస్తే చల్లని లోవన్నె. రెండూ కానట్టుంటే మధ్యరకం. మణికట్టు నరాల రంగు చూసి చెప్పే పద్ధతి ముదురు ఛాయల్లో అంతగా పనికిరాదు. కింది పెదవి లోపలి రంగు మాత్రం అందరికీ మంచి సూచన.

పసిమి ఛాయ: లేత గులాబి, పీచ్ పండు రంగు సరిపోతాయి. చిక్కని రంగు అయితే చాలా కొద్దిగా వాడాలి.

గోధుమ వన్నె: పగడపు రంగు, ముదురు గులాబి, నేరేటు మేడిపండును తలపించే రంగులు.

చామనచాయ: ఇటుక ఎరుపు, దానిమ్మ గింజ రంగు, చిక్కని పగడపు రంగు. లేత పీచ్ ఇక్కడే వెలవెలబోవడం మొదలవుతుంది.

నల్లని ఛాయ: నేరేడు పండు రంగు, ఎర్రచందనం రంగు, కెంపు, చిక్కని నారింజ ఎరుపు. డబ్బాలో చూస్తే భయపెట్టేంత ముదురుగా ఉన్న రంగే ఈ ఛాయ మీద అందంగా ఒదుగుతుంది. ఆ ముదురు నారింజను పసిమి ఛాయవారు వేసుకుంటే దెబ్బ తగిలినట్టుంటుంది!

లోవన్నె వెచ్చనిదైతే పైవాటిలో నారింజ, ఇటుక వైపువి, చల్లనిదైతే గులాబి, నేరేడు వైపువి మొదట ప్రయత్నించండి. ఇవి దారి చూపే గుర్తులే గాని శాసనాలు కావు. కొనేముందు దవడ పక్కన కొద్దిగా రాసి, దుకాణం బయటికి వచ్చి వెలుతురులో చూసుకోండి. ట్యూబులైటు వెలుగులో ఎరుపు భాగం తక్కువ. అక్కడ రంగు చాలలేదనిపించి ఎక్కువ వేసుకుంటే, ఎండలోకి వచ్చాక బుగ్గలు మండుతున్నట్టు కనిపిస్తాయి. నాటకం వేసేవారు వేదిక మీది దీపాల కిందే పరీక్షించుకోవాలి. ఎర్ర దీపం కింద ఎర్ర బ్లష్ దాదాపు మాయమవుతుంది. కారణం మీరే ఆలోచించండి.

వేసుకొనే పద్ధతి

ముఖం శుభ్రంగా కడిగి, తేమనిచ్చే క్రీము రాసి రెండు నిమిషాలు ఆగండి. పౌడరు బ్లష్ అయితే కుచ్చులాంటి మెత్తని బ్రష్‌కు కొద్దిగా అద్ది, ఒకసారి దులపండి. చిరునవ్వు నవ్వితే బుగ్గ ఎక్కడ ఉబ్బుతుందో అక్కడ మొదలుపెట్టి, చెవి పైభాగం వైపు ఏటవాలుగా తీసుకుపోండి. ముక్కుకు రెండు వేళ్ళ దూరం వదలండి. ముక్కు చివరి గీత కన్నా కిందికి దించకండి. ఒకేసారి చిక్కగా కాకుండా పలుచగా రెండు మూడు పూతలు వేయడం మేలు. తక్కువైతే కలపవచ్చు, ఎక్కువైతే తీయడం కష్టం. అంచులు ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా శుభ్రమైన వేలితో అద్దండి. సహజమైన ఎరుపుకు అంచులుండవు కదా!

క్రీము బ్లష్‌ను వేలికొనతో చుక్కలుగా పెట్టి తట్టుతూ పరచాలి. పొడిచర్మానికి క్రీము, జిడ్డుచర్మానికి పొడి అనుకూలం. చెమట పట్టే మన వేసవిలో పలుచని క్రీము పూత మీద అదే రంగు పొడి అద్దితే ఎక్కువసేపు నిలుస్తుంది. వరస మాత్రం తప్పవద్దు. ముందు క్రీము, తర్వాత పొడి. పొడి మీద క్రీము రాస్తే ముద్దలు కడుతుంది. పడుకొనే ముందు తప్పక కడిగేయండి.

వీటి జోలికి పోవద్దు

చిన్నప్పుడు బళ్ళో డాన్సులకు మా బుగ్గలకు తిలకం అద్దేవారు. నుదుటి బొట్టు చుక్కంత. బుగ్గ అంతకు ఎన్నో రెట్లు. పైగా తిలకం, కుంకుమ తయారీలో ఏం కలిపారో అన్నిసార్లూ తెలియదు. కొన్ని సిందూరాల్లో సీసం, పాదరసం సంయోగాలు బయటపడ్డాయి. పసుపు, సున్నం కలిపిన పారాణి ఎర్రగా ఉంటుంది గాని, సున్నం క్షారం. మన చర్మం పైభాగం కొద్దిగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. పాదాల మందపు చర్మం తట్టుకున్నది బుగ్గ తట్టుకోలేదు. హోలీ రంగులు, బట్టల రంగులు అసలే వద్దు. రోడమిన్-బి అనే అద్దకపు రంగు పీచుమిఠాయిలో దొరికినందుకే 2024లో తమిళనాడు ఆ మిఠాయి అమ్మకాన్ని నిషేధించింది.

సంతలో కొన్నా, పట్నంలో కొన్నా డబ్బా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా, వాడవలసిన గడువు చూడండి. ఇవి లేని డబ్బా ఎంత చవకైనా వదిలేయండి. కొత్తదాన్ని మోచేతి మడత లోపల రాసి ఒక రోజు ఆగండి. దురద, దద్దురు వస్తే వాడవద్దు. ఒకరి బ్రష్ ఒకరు వాడటం మంచిది కాదు. వారానికోసారి సబ్బునీటితో కడిగి ఆరబెట్టండి.

అన్నిటికన్నా ప్రమాదం, బ్లష్ నప్పలేదని చర్మాన్నే తెల్లబరచాలనుకోవడం. తెల్లబరచే కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల వ్యాధి బయటపడింది. మన నిబంధనల ప్రకారం సాధారణ సౌందర్య సాధనాల్లో పొరపాటున చేరిన పాదరసం కూడా పది లక్షల పాళ్ళకు ఒక పాలు మించరాదు. 1975లో మన మార్కెట్లోకి వచ్చిన ఒక ప్రసిద్ధ క్రీము 2020లో తెల్లదనాన్ని సూచించే మాటను తన పేరులోంచి తీసేసింది. పేరు మారింది. మన ఇళ్ళలో మాటలు కూడా మారాలి.

రంగుతో కప్పకూడనిది

రెండుసార్లు వెయ్యమన్న అమ్మాయిని మరచిపోలేదు. కోలాటం సగంలోనే ఆ పిల్ల ఆయాసపడుతూ మెట్ల మీద కూర్చుంది. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపు చాలా తక్కువ. మర్నాడు రక్తపరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పాను. హీమోగ్లోబిన్ ఎనిమిది గ్రాముల చిల్లర. ఆ వయసు ఆడపిల్లలకు 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో చూస్తే ఛత్తీస్‌గఢ్‌లో సుమారు 61 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 59 శాతం, తెలంగాణలో 58 శాతం. దేశానికి ఇనుము పంచే కొండల కింద ఉన్న పిల్లల రక్తంలో ఇనుము చాలకపోవడం ఎంత విచిత్రం! మనిషి ఒంట్లో ఉండవలసిన ఇనుము మొత్తం 3 నుంచి 4 గ్రాములు, ఒక చిన్న మేకంత. దానిలో దాదాపు మూడింట రెండు వంతులు హీమోగ్లోబిన్‌లోనే ఉంటుంది.

ఇక్కడే ఛాయ పాఠం మళ్ళీ అక్కరకొస్తుంది. ముదురు ఛాయవారి బుగ్గ చూసి రక్తహీనత పోల్చుకోవడం కష్టం. అందుకే మెలనిన్ తక్కువగా ఉండే చోట్లు, అంటే కింది కనురెప్ప లోపలి భాగం, నాలుక, గోళ్ళ అడుగు చూడాలి. వేలికి తగిలించి ఆక్సిజన్ కొలిచే పరికరం నల్లని చర్మం మీద ఒక్కోసారి ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుందని 2020లో అమెరికాలో జరిగిన పరిశీలన తేల్చింది. వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు బ్లష్, గోళ్ళ రంగు తీసేసి వెళ్ళాలని చెప్పడం ఇందుకే.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలి మాత్ర ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్ర. దాన్ని పారేయకండి. రాగులు, ఆకుకూరలు, పప్పులు, తినేవారైతే మాంసం, వాటితోపాటు ఉసిరి, నిమ్మ, జామ తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే అంతగా ఒంటబట్టదు. బస్తర్‌లోనూ మన మన్యంలోనూ కొందరిలో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత వేరే రకం. అది వంశపారంపర్యం. దాన్ని గుర్తించే పరీక్షల కోసం 2023 జూలై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. ఏ రకమో పరీక్షలో తేలాకే వైద్యుడి సలహాతో మందులు వాడాలి.

ముగింపు

ఆ సాయంత్రం మొదటి అమ్మాయికి ఏం చేశామో చెప్పి ముగిస్తాను. సంగీతం టీచరు సంచిలో ఎవరూ వాడని ముదురు నేరేడు రంగు బ్లష్ ఒకటి ఉంది. ముందు ఆ అమ్మాయి మోచేతి మడతలో కొద్దిగా రాసి, పూలు కట్టుకున్నంతసేపు ఆగి చూశాం. రోజంతా ఆగే వ్యవధి లేదు మరి. దురద లేదు. శుభ్రమైన గుడ్డ చుట్టిన వేలితో పలుచగా రెండు పూతలు అద్దాం. బూడిద లేదు, దుమ్ము లేదు. పరుగెత్తి వచ్చిన పిల్ల బుగ్గలా ఉంది. ఇందాక నవ్విన పిల్లే ముందుకొచ్చి, "నాకూ అదే వెయ్యండి మేడమ్" అంది. వేస్తే ఆమెకు నప్పలేదు! ఈసారి ఇద్దరూ కలిసి నవ్వారు.

బస్తర్ పల్లెల్లో మురియా యువకులు చెక్కతో దువ్వెనలు చెక్కి, ఇష్టమైన అమ్మాయిలకు ఇచ్చే ఆచారం ఉండేది. అలంకరణ మనిషికి సంతోషం. దానికోసం ఒకరి రంగును ఒకరు తక్కువ చేయనక్కరలేదు. బ్లష్ వేసుకోవాలనే నియమమూ లేదు. వేసుకుంటే తెలిసి వేసుకోండి, వేసుకోకపోతే ఇష్టపడి మానేయండి. మీ రంగుకు నప్పదని ఎవరో అన్నందుకు మాత్రం మానకండి.

ఆలోచించండి, చేసి చూడండి

1. ఎర్ర దీపం కింద ఎర్ర బ్లష్ ఎందుకు కనిపించదు? ఆకుపచ్చ దీపం కింద ఎలా కనిపిస్తుంది?
2. టార్చిలైటు ప్రయోగం ఐదుగురితో చేసి, చూసినది పట్టికలో రాయండి.
3. ఇంట్లో ఉన్న ఏదైనా సౌందర్య సాధనం డబ్బా మీద సి.ఐ. అంకెలు వెతికి, అవి ఏ వర్ణద్రవ్యాలో తెలుసుకోండి.
4. అద్దం ముందు మీ కింది కనురెప్ప లోపలి రంగు చూడండి. వెలవెలబోయి ఉంటే ఇంట్లో పెద్దలకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

మరో పాఠంలో కలుసుకుందాం. సెలవు.